మా పులికి ఎనిమిదేళ్లు

2017 డిసెంబరులో బండీపూర్ అడవిలో మేం పులిని చూశాం. ఈ వాక్యంలో 2017, డిసెంబరు, బండీపూర్, ఈ మూడూ నిజం. మిగతాదాని మీద పరిశోధన జరగాలి. బెంగళూరు తెలుగువాళ్ల వీకెండ్ ట్రిప్పుల చరిత్రను ఇంతవరకూ ఎవరూ సీరియస్‌గా తీసుకోలేదు కాబట్టి ఆ బరువు నేనే ఎత్తుకుంటున్నాను.

ముందు ఆధారాలు చూద్దాం. మారతహళ్లిలో తెల్లారి నాలుగున్నరకే బయల్దేరాలని రాత్రి తీర్మానించుకుని, ఆరున్నరకి కారెక్కాం. దోవలో ఇడ్లీలకి ఓసారి, కాఫీకి ఓసారి, ఇడ్లీల దగ్గర మర్చిపోయిన ఛార్జర్ కోసం ఇంకోసారి ఆగి, 220 కిలోమీటర్లు లాగించి మధ్యాహ్నం సఫారీ అందుకున్నాం. క్యాంటర్‌లో వెనక సీటు. గంటసేపు లాంటానా పొదలు చూపించారు. ఎప్పుడో తెల్లదొరలు తోటల్లో అందం కోసం తెచ్చిన మొక్కట, ఇప్పుడు అడవిని తినేస్తోంది. ఇంతలో ఎక్కడో దుప్పి అరిచింది, ఆ వెంటనే చెట్టు మీద కొండముచ్చు ఖంగుమని దగ్గినట్టు అరిచింది. డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. బండిలో అందరూ ఊపిరి బిగబట్టారు, ఒక్క మావాడి చేతిలో చిప్స్ ప్యాకెట్ తప్ప. అప్పుడు పొద పక్కన ఒక తోక కదిలింది. ఒకటిన్నర సెకను. అంతే.

2018 సంక్రాంతికి గుంటూరు వెళ్లేసరికి ఆ తోకకి చారలొచ్చాయి. ఉగాదికి మొహమొచ్చింది. 2020లో అందరం ఇళ్లలో కూర్చున్న రోజుల్లో వీడియో కాల్స్‌లో చెప్పీ చెప్పీ పులి బాగా ఏపుగా పెరిగి, రోడ్డు దాటడం మొదలుపెట్టింది. మొన్నామధ్య ఎవరిదో గృహప్రవేశంలో నేను గమనించిందేమిటంటే, ఇప్పుడు దానికి రెండు పిల్లలు కూడా ఉన్నాయి. పులి పెరగాలంటే అడవి కావాలి, నీళ్లు కావాలి, జింకలు కావాలి అంటారు అటవీశాఖవాళ్లు. మా పులికి అవేం అక్కర్లేదు. వేడి గారెలు, అల్లం పచ్చడి, నోరు తెరుచుకుని వినే నలుగురు చుట్టాలు ఉంటే చాలు.

2022 లెక్కల్లో కర్ణాటకలో 563 పులులు, అందులో ఒక్క బండీపూర్‌లోనే 150 అన్నారు. మాదాన్ని కలిపారో లేదో అనుమానమే, ఎందుకంటే వాళ్లు కెమెరాలు పెట్టి చారలు చూసి ఏ పులి ఏదో గుర్తుపడతారు, మాదానికి చెప్పినప్పుడల్లా చారలు మారుతుంటాయి.

ఇక లేపాక్షి. ఇది మా తోడల్లుడి పరిధిలోకి వస్తుంది. ఆయన వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్, ఇంకొకరు టెస్ట్ చేసినదాన్ని చచ్చినా నమ్మడు. వీరభద్రస్వామి గుడిలో వేలాడే స్తంభం కింద మా ముందు ఇరవైమంది తువ్వాళ్లు దూర్చి అవతలికి తీశారు. అయినా సరే, "అన్నయ్యగారూ, మన డేటా మనకుండాలి" అని మా మరదలి చున్నీ అడిగి దూర్చాడు. చున్నీ అంచున పూసలున్నాయి. చిక్కుకుంది. లాగాడు. చిరిగింది. ఇవాళ్టికీ ఆయన "స్తంభం గాల్లోనే ఉంది, నేనే చెక్ చేశా" అంటాడు, ఆమె చున్నీ ధర చెబుతుంది, అది కూడా ఏటా పెరుగుతోంది. ఒక్క సంగతి మాత్రం ఇద్దరూ చెప్పరు. ఆ మండపంలో తలెత్తితే పైకప్పంతా విజయనగర కాలంనాటి చిత్రాలు, చీరల అంచులూ కొప్పులూ కూడా పోల్చుకునేంత వివరంగా. మాలో ఒక్కరూ తలెత్తలేదు. అందరం వంగి, ఆ కాస్త సందులోంచి అవతల ఎవరి చెప్పుల్లేని కాళ్లు కనిపిస్తాయా అని చూస్తున్నాం.

హంపి గురించి క్లుప్తంగా చెప్పేస్తాను, ఇందులో మా కుటుంబ సంబంధాలు ఇమిడి ఉన్నాయి. విఠ్ఠల ఆలయం రాతిరథం ముందు మేమూ అందరిలాగే 50 రూపాయల నోటు ఎత్తిపట్టుకుని, నోటు మీది రథాన్నీ ఎదుట ఉన్న రథాన్నీ ఒకే ఫోటోలోకి తేవడానికి ఇరవై నిమిషాలు తంటాలుపడ్డాం. తర్వాత మా ఆవిడ స్వరాలు పలికే స్తంభాల వైపు చెయ్యి చాచింది. తాకేలోపే గార్డు విజిల్ వేశాడు. వాటిని తట్టకూడదు, మంచిపనే, శతాబ్దాలుగా అందరూ తడుతూ పోతే రాయి మాత్రం ఎంతకని ఓర్చుకుంటుంది. కాబట్టి ఆ రోజు మేం విన్న ఏకైక స్వరం ఆ విజిల్. కానీ ఊరెళ్లాక మా ఆవిడ "వేలితో ఇలా అన్నానో లేదో, హంసధ్వని పలికిందత్తయ్యా" అంటుంటే నేను తలూపాను. మా అమ్మ కళ్లు చెమర్చాయి కూడా.

మొన్న ఆదివారం మావాడు పాత ఫోన్ తీసి, బండీపూర్ ఫోటో వేళ్లతో సాగదీసి సాగదీసి చూసి, "నాన్నా, ఇది కొండముచ్చు తోక కదా?" అన్నాడు. నేను పేపర్లోంచి తలెత్తలేదు.

"పులేరా. నేనూ చూశాను" అంది మా ఆవిడ వంటింట్లోంచి. తర్వాత గరిట పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది: "ఏమండీ, రేపు అత్తయ్యగారొస్తున్నారు. హంపిలో పలికింది హంసధ్వనా, మోహనా?"