ఆఖరి నిమిషంలో గోల్‌కీపర్ మార్పు: ఫ్రాన్స్ హుక్ లెక్క ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది

2014 జూలై 5, బ్రెజిల్‌లోని సాల్వడార్. ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్, కోస్టారికా 120 నిమిషాలు ఆడినా గోల్ పడలేదు. పెనాల్టీ షూటౌట్‌కు క్షణాల ముందు డచ్ జట్టు తన చివరి సబ్‌స్టిట్యూషన్ వాడింది. అప్పటిదాకా ఆడిన గోల్‌కీపర్ సిలెసెన్‌ను బయటికి పిలిచి టిమ్ క్రుల్‌ను దించింది. క్రుల్ ఐదు కిక్‌లకూ సరైన వైపే దూకాడు. రూయిజ్, ఉమానా కొట్టిన రెండింటిని ఆపాడు. 4-3తో డచ్ జట్టు గట్టెక్కింది.

పేరంతా హెడ్ కోచ్ లూయిస్ వాన్ గాల్‌కే వచ్చింది. దాని వెనక కసరత్తు గోల్‌కీపింగ్ కోచ్ ఫ్రాన్స్ హుక్‌ది. (పేరు ఫ్రాన్స్ అయినా మనిషి డచ్చివాడే.) 1956లో హోర్న్‌లో పుట్టిన హుక్ ఆటగాడిగా ఉన్నన్నాళ్లూ వోలెండామ్ క్లబ్ గోల్ ముందే నిలబడ్డాడు. జాతీయ జట్టులో స్థానం దక్కలేదు. 1985లో గ్లౌజులు పక్కన పెట్టి డచ్ క్లబ్ అయాక్స్‌లో కోచ్‌గా చేరాడు. అదే ఏడాది యోహాన్ క్రైఫ్ కూడా ఆ క్లబ్ పగ్గాలు పట్టాడు. హుక్ కెరీర్‌లో అసలు మలుపు ఇదే.

క్రైఫ్ అడిగింది బంతిని ఆపేవాడిని కాదు, పదకొండో ఆటగాడిని. డిఫెండర్లు మైదానం మధ్య గీత దాకా ముందుకు జరిగితే వాళ్ల వెనక నలభై మీటర్ల పైచిలుకు ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీకి కాపలా ఎవరు? గోల్‌కు 16.5 మీటర్ల దూరంలో ఉండే పెనాల్టీ బాక్సు గీత దగ్గర నిలబడ్డ గోల్‌కీపరే. అయాక్స్ గోల్‌కీపర్ స్టాన్లీ మెన్జో ఆ పని చేశాడు. 1993 నుంచి వాన్ డెర్ సార్ దాన్ని మరో మెట్టు ఎక్కించాడు. 1992లో బ్యాక్‌పాస్‌ను (సొంత ఆటగాడు కాలితో వెనక్కి ఇచ్చిన బంతిని) గోల్‌కీపర్ చేత్తో పట్టుకోకూడదన్న నిబంధన వచ్చినప్పుడు చాలా క్లబ్‌లు తడబడ్డాయి. అయాక్స్‌కు అది అప్పటికే అలవాటైన ఆట.

బ్యాక్‌పాస్ తీసుకోవడం చూడ్డానికి తేలిక. మొదట గోల్ నోటికి ఎదురుగా కాక పక్కకు జరిగి నిలబడాలి. కాలికి సరిగ్గా తగలకపోయినా బంతి కార్నర్‌కు పోతుంది తప్ప గోల్లో పడదు. ఒళ్లు మైదానం వైపు తెరిచి, దూరపు కాలితో అందుకోవాలి. తర్వాతి పాస్ ఎవరికో బంతి రాకముందే చూసుకోవాలి. దగ్గరి కాలితో ఆపితే తిప్పుకోవడానికి ఇంకో టచ్ కావాలి, ఆలోగా స్ట్రైకర్ మీద పడతాడు. ఇక ముందుకొచ్చి నిలబడడంలోనూ ఒక చిక్కుంది. ప్రత్యర్థి తలెత్తి, కాలు వెనక్కి లాగాడంటే రెండు మూడు అడుగులు వెనక్కి రావాలి. బంతి తన్నే క్షణానికి మాత్రం రెండు పాదాలూ నేలమీద కుదురుగా ఉండాలి. వెనక్కి నడుస్తుండగా షాట్ వస్తే ఎంతటివాడూ దూకలేడు.

గోల్‌కీపర్లను హుక్ రెండు రకాలుగా విడదీశాడు. గీత మీదే నిలబడి చురుకుదనంతో షాట్లు ఆపేవాళ్లు ఒక రకం. ఆటను ముందే చదివి ముందుకొచ్చేవాళ్లు రెండో రకం. ఏ రకం గొప్పదన్నది అతని ప్రశ్న కాదు, మీ జట్టు ఆడే తీరుకు ఎవరు నప్పుతారన్నదే. నా దృష్టిలో సాల్వడార్ నిర్ణయం కన్నా ఈ విభజనే అతని పెద్ద పని.

నప్పడం చూసి ఎంచుకున్నా బెడిసికొడుతుంది. 2011 జనవరిలో వాన్ గాల్, హుక్ ఉన్న జర్మన్ క్లబ్ బయెర్న్ మ్యూనిక్‌లో అనుభవజ్ఞుడైన యోర్గ్ బుట్‌ను పక్కనబెట్టి కుర్రాడు థామస్ క్రాఫ్ట్‌ను దించారు. ఏప్రిల్‌లో వాన్ గాల్‌కు ఉద్వాసన పలికారు, బుట్ తిరిగొచ్చాడు. ఆ వేసవికి క్రాఫ్ట్ క్లబ్బే మారిపోయాడు. కొత్త గోల్‌కీపర్‌కు నిలదొక్కుకోవడానికి నెలలు పడుతుంది. ఫలితాలు రాని హెడ్ కోచ్ చేతిలో అన్ని నెలలు ఉండవు. బార్సిలోనా, బయెర్న్, మాంచెస్టర్ యునైటెడ్, డచ్ జట్టు... హుక్ వెళ్లిన పెద్ద చోట్లన్నీ వాన్ గాల్ వెంట వెళ్లినవే. మంచైనా చెడైనా ఇద్దరికీ కలిసే వచ్చేది.

మళ్లీ క్రుల్ దగ్గరికి. పెనాల్టీ దూరం 11 మీటర్లు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో తన్నితే బంతి అర సెకను లోపే గోల్ చేరుతుంది. చూసి దూకే వ్యవధి లేదు, ముందే ఊహించాలి. ఆ పనికి సిలెసెన్ కన్నా పొడగరి క్రుల్ నయమని లెక్కేశారు. తనను దించవచ్చని క్రుల్‌కు ముందే తెలుసు. సిలెసెన్‌కు చెప్పలేదు, చెబితే 120 నిమిషాలూ అదే ధ్యాస. క్రికెట్‌లో యార్కర్ల బౌలర్‌ను ఆఖరి ఓవర్ దాకా దాచుకోవడం మనకు తెలిసిందేగా. కాకపోతే ఇక్కడ దాచుకోవాల్సింది మనిషిని ఒక్కడినే కాదు, అప్పట్లో మూడే ఉన్న సబ్‌స్టిట్యూషన్లలో ఒకదాన్ని కూడా.

నాలుగు రోజుల తర్వాత సావో పాలోలో అర్జెంటీనాతో సెమీస్ మళ్లీ 0-0తో షూటౌట్‌కు వెళ్లింది. మూడో మార్పు అదనపు సమయంలో స్ట్రైకర్ హుంటెలార్‌కు ఖర్చయిపోయింది. క్రుల్ బెంచీ మీదే ఉండిపోయాడు. సిలెసెన్ ఒక్కటీ ఆపలేదు, 2-4తో ఓటమి. ఇందులో గోల్‌కీపింగ్ కోచ్ తప్పేమీ లేదు. ఆట మధ్యలో గోల్ కోసం స్ట్రైకర్ కావాలా, షూటౌట్ కోసం గోల్‌కీపర్ కావాలా అన్న తూకం హెడ్ కోచ్‌ది.

2022లో ఖతార్‌లో ఇదే జంట తిరిగొచ్చింది. అంతకుముందు డచ్ జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడని 2.03 మీటర్ల గోల్‌కీపర్ నోపెర్ట్‌ను సెనెగల్‌తో తొలి పోరుకే దించారు, 2-0తో గెలిచారు. క్వార్టర్స్‌లో ఎదురైంది మళ్లీ అర్జెంటీనా. 2-2 తర్వాత షూటౌట్. ఈసారి గోల్‌కీపర్ మార్పు లేదు. అర్జెంటీనా ఐదు కిక్‌లలో ఒకటి బయటికి పోయింది, నాలుగు వలలో పడ్డాయి. నోపెర్ట్ ఆపింది ఒక్కటీ లేదు.