వారాలు లెక్కపెడితే ట్రోఫీ ఎవరిదో తెలియదు

నవంబరు దగ్గరపడుతుంటే అమెరికన్ కంట్రీ సంగీతం వినేవాళ్ల మధ్య ఒక సూత్రం చేతులు మారడం మొదలవుతుంది. నాష్‌విల్‌లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఇచ్చే సీఎంఏ అవార్డుల్లో 'సింగిల్ ఆఫ్ ది ఇయర్', 'సాంగ్ ఆఫ్ ది ఇయర్' ఎవరికొస్తాయో ముందే చెప్పడం చాలా తేలికట. వారం వారం పాటలకు ర్యాంకులిచ్చే చార్టులో ఎక్కువ వారాలు పైన కూర్చున్న పాటేదో చూడాలి, సింగిల్ దానిదే. సింగిల్ దేనికొస్తే సాంగ్ కూడా దానికే, ఎందుకంటే రెండూ ఒకే అవార్డుకు రెండు పేర్లు. ఇంకా అనుమానముంటే గ్రామీ, ఏసీఎం (అకాడమీ ఆఫ్ కంట్రీ మ్యూజిక్) అవార్డుల ఫలితాలు చూసుకోవాలి. అదీ తేలకపోతే పెద్ద పేరున్న గాయకుడి మీద పందెం కాయాలి.

ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ సూత్రంగా నిలబడదు. రెండో మాటైతే తప్పు మాత్రమే కాదు, అన్యాయం కూడా. పాట రాసిన మనిషిని అది లెక్కలోంచే తీసేస్తుంది.

ముందు వారాల సంగతి. 2019లో లిల్ నాస్ ఎక్స్ 'ఓల్డ్ టౌన్ రోడ్' బిల్‌బోర్డ్ హాట్ 100లో 19 వారాలు ఒకటో స్థానంలో ఉంది. 2023లో మోర్గన్ వాలెన్ 'లాస్ట్ నైట్' 16 వారాలు ఉంది. 2024లో షబూజీ 'ఎ బార్ సాంగ్' మళ్లీ 19 వారాల రికార్డును అందుకుంది. ఈ మూడింటిలో ఒక్కదానికీ సీఎంఏ సింగిల్ అవార్డు రాలేదు. మొదటి రెండూ ఆ విభాగంలో తుది ఐదింటిలోకే చేరలేదు. 'ఓల్డ్ టౌన్ రోడ్'కి దక్కింది వేరే విభాగం, కలిసి పాడినవాళ్లకిచ్చే 'మ్యూజికల్ ఈవెంట్'.

హాట్ 100 అంటే అన్ని రకాల పాటలకూ కలిపి వేసే చార్టు కదా, కంట్రీ చార్టు చూడమంటారు. చూద్దాం. శామ్ హంట్ 'బాడీ లైక్ ఎ బ్యాక్ రోడ్' 2017లో హాట్ కంట్రీ సాంగ్స్ చార్టు మీద 34 వారాలు ఒకటో స్థానంలో నిలిచింది. ఆ ఏడాది రెండు అవార్డులకూ నామినేట్ అయింది, రెండూ పోయాయి. బీబీ రెక్సా, ఫ్లోరిడా జార్జియా లైన్ కలిసి పాడిన 'మెంట్ టు బి' అదే చార్టు మీద 50 వారాలు ఉంది. దాదాపు ఏడాది! 2018లో సింగిల్ అవార్డు క్రిస్ స్టేపుల్టన్ 'బ్రోకెన్ హేలోస్'కి వెళ్లింది.

ఎందుకిలా? చార్టు లెక్కల్లో ఉండేది మనం: మన ఫోన్లలో స్ట్రీమింగ్, మన కార్లలో రేడియో, మనం డబ్బులిచ్చి కొన్నవి. 2012 అక్టోబరులో హాట్ కంట్రీ సాంగ్స్ లెక్క మారాక స్ట్రీమింగూ అమ్మకాలూ కలిశాయి, దాంతో పాప్ రేడియోలో కూడా మోగే కంట్రీ పాట నెలల తరబడి పైన ఉండిపోతోంది. సీఎంఏలో ఓటు మనది కాదు. కంట్రీ సంగీత రంగంలో పనిచేసే సభ్యులది: గాయకులు, రచయితలు, పబ్లిషర్లు, రేడియో వాళ్లు, స్టూడియో వాళ్లు. మూడు విడతలుగా వాళ్లే ఓటేస్తారు. వాళ్లూ పాప్ వింటారు, కానీ ఓటు వేసేటప్పుడు తమ వీధి పాట ఏది అన్నది చూస్తారు. అది ఎప్పుడూ న్యాయంగానే ఉంటుందని నేను అనను. 2024లో బియాన్సే 'కౌబాయ్ కార్టర్'కి సీఎంఏ ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. కొన్ని నెలలకే గ్రామీలో అది ఉత్తమ కంట్రీ ఆల్బమ్ అయింది, అన్ని రకాల సంగీతానికీ కలిపి ఇచ్చే ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అవార్డు కూడా తీసుకుంది. న్యాయమో కాదో పక్కన పెడితే, బయటి నుంచి చూసి సీఎంఏని ఊహించలేమనడానికి అది కూడా సాక్ష్యమే.

ఇక రెండో మాట, రెండు అవార్డులూ ఒకటేనన్నది. తెలుగువాళ్లకు ఈ తేడా ఎవరూ పనిగట్టుకుని చెప్పక్కర్లేదు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. ట్రోఫీ అందుకున్నది కీరవాణి, చంద్రబోస్. అది పాటకిచ్చిన అవార్డు, పాడినందుకు కాదు. సీఎంఏ సాంగ్ ఆఫ్ ది ఇయర్ కూడా అంతే, రాసినవాళ్ల చేతికి వెళుతుంది. కంట్రీలో మాటా బాణీ ఎక్కువగా ఒకే గదిలో, ఇద్దరు ముగ్గురు గిటార్లు పట్టుకుని కూర్చుంటే పుడతాయి కాబట్టి రచయిత అంటే రెంటికీ రచయిత. సింగిల్ అలా కాదు. అది రికార్డింగుకి ఇచ్చేది: పాడినవాళ్లకు, రికార్డు ప్రొడ్యూసర్‌కు, మిక్స్ ఇంజనీరుకు.

2009 నుంచి 2025 దాకా 17 ఏళ్లు తీసుకుంటే రెండూ ఒకే పాటకు వెళ్లింది 8 సార్లు, వేర్వేరు పాటలకు వెళ్లింది 9 సార్లు. నాణెం ఎగరేసినా ఇంతే. ఈ మధ్య కలవడం ఎక్కువైందన్నది నిజమే, 2020 నుంచి ఆరేళ్లలో ఐదుసార్లు కలిశాయి. ఆ ఐదేళ్లే గుర్తున్నవాళ్లకు సూత్రం నిజమనిపించడంలో వింత లేదు. అంతకుముందు ఏళ్లు చూడండి.

2013లో సింగిల్ 'క్రూజ్'కి వచ్చింది. 24 వారాలు కంట్రీ చార్టు పైన ఉన్న పాట, కారు అద్దాలు దించుకుని వినే పాట. సాంగ్ మాత్రం లీ బ్రైస్ పాడిన 'ఐ డ్రైవ్ యువర్ ట్రక్'కి. ఆఫ్ఘనిస్తాన్‌లో 2006లో చనిపోయిన సైనికుడు జారెడ్ మాంటీ ట్రక్కును కొడుకు పోయాక అతని తండ్రి నడిపేవాడు. ఆ తండ్రి మాట్లాడిన రేడియో ఇంటర్వ్యూ విని, కోనీ హారింగ్టన్ అనే రచయిత్రి తోటి రచయితలు జెస్సీ అలెగ్జాండర్, జిమ్మీ ఇయరీలతో కలిసి ఆ పాట రాసింది. పోయినవాడి బండి తోలుతున్న మనిషి బాధను ఒక్క పాటలో నిలబెట్టడం ఎంత కష్టమో పాటలు రాసేవాళ్లకు తెలుసు. ఓటేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 2014లో సింగిల్ మిరాండా లాంబర్ట్ 'ఆటోమాటిక్'ది, సాంగ్ కేసీ మస్‌గ్రేవ్స్ 'ఫాలో యువర్ యారో'ది. ఈ రెండోది కంట్రీ రేడియో చార్టులో తొలి నలభైలోకి కూడా రాలేదు. వారాల లెక్కతో దాన్ని ఎవరైనా ఊహించగలిగేవారా?

రెండూ ఒకే పాటకు వచ్చిన సంవత్సరాల్లో కూడా అవి ఒకటి కావు. 2023లో 'ఫాస్ట్ కార్'ది అదే కథ. సింగిల్ దాన్ని కొత్తగా పాడిన ల్యూక్ కూంబ్స్‌కి వెళ్లింది, సాంగ్ దాన్ని రాసిన ట్రేసీ చాప్‌మన్‌కి వెళ్లింది. ఆమె ఆ పాటను 1988లోనే తన గొంతుతో విడుదల చేసింది. కూంబ్స్ రికార్డులో ఆమె గొంతు లేదు, ఆ రాత్రి సభలో ఆమె కూడా లేదు, పంపిన సందేశాన్ని వేదిక మీద చదివారు. అయినా సాంగ్ ఆఫ్ ది ఇయర్ గెలిచిన తొలి నల్లజాతి రచయితగా ఆమె పేరు చరిత్రకెక్కింది. ఆ సాయంత్రాన్ని 'ల్యూక్ కూంబ్స్ రెండూ కొట్టేశాడు' అని చెప్పుకునేవాళ్లున్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. ఎన్నో ఏళ్ల కింద ఒక్కతే కూర్చుని రాసిన మనిషికి దక్కింది ఆ సాంగ్ అవార్డు.

గ్రామీ, ఏసీఎం చూసి చెప్పడం ఇంకా తేలిగ్గా విరిగిపోతుంది, ఎందుకంటే మూడింటి క్యాలెండర్లు వేరు, ఓటర్లు వేరు, నియమాలు వేరు. సీఎంఏ ఏడాది జులై 1 నుంచి జూన్ 30 వరకు. 'వైట్ హార్స్' 2023 జులైలో వచ్చింది, అందుకే 2024 ఫిబ్రవరి గ్రామీలో గెలిచిన పాట మళ్లీ 2024 నవంబరు సీఎంఏలో రెండూ గెలిచింది. సూత్రం చెప్పేవాళ్లు చూపించేది ఇదే. దాని పక్కన ఇవి కూడా చూపించాలి. 2024లో ఏసీఎం సింగిల్ 'ఫాస్ట్ కార్'కి ఇచ్చి, సాంగ్‌ను జోర్డన్ డేవిస్ 'నెక్స్ట్ థింగ్ యూ నో'కి ఇచ్చింది. 2022లో కోడీ జాన్సన్ 'టిల్ యూ కాంట్'కి సీఎంఏ సింగిల్ ఇచ్చి సాంగ్ 'బై డర్ట్'కి ఇస్తే, కొన్ని నెలలకు గ్రామీ అదే 'టిల్ యూ కాంట్'ని ఉత్తమ కంట్రీ రచన అంది. గ్రామీ రచనా విభాగంలో పాట కొత్తదై ఉండాలి, లేదా ఆ ఏడాదే తొలిసారి పేరు తెచ్చుకోవాలి. 1988లోనే పేరు తెచ్చుకున్న 'ఫాస్ట్ కార్' ఆ నియమంలో ఇమడదు.

పెద్ద పేరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. స్టేపుల్టన్ 2018, 2021, 2024లో రెండేసి గెలిచాడు, ఒప్పుకుంటాను. కానీ 2015లో సొంత ఆల్బమ్ వచ్చేదాకా అతను ఏళ్ల తరబడి జోష్ టర్నర్‌కి, కెనీ చెస్నీకి, జార్జ్ స్ట్రెయిట్‌కి పాటలు రాసిచ్చిన మనిషి. ఓటేసేవాళ్లకు అతని గొంతు కంటే ముందు కలం తెలుసు. 2015, 2016 రెండేళ్లూ వరసగా సాంగ్ అందుకున్న లోరీ మెక్‌కెన్నా పేరు ఎంతమంది శ్రోతలకు తెలుసు? మాసచూసెట్స్‌లో ఉంటుంది, అయిదుగురు పిల్లల తల్లి. రెండో ఏడు గెలిచిన 'హంబుల్ అండ్ కైండ్' ఆ పిల్లల కోసం రాసుకున్నదే, పాడింది టిమ్ మెక్‌గ్రా.

నామినేషన్లు వచ్చాక నేను మొదట వెతికేది ప్రతి పాట కింద చిన్న అక్షరాల్లో ఉండే రచయితల పేర్లు. తర్వాత పాట ఆపేసి, సాహిత్యం ఒక్కటే పైకి చదువుతాను. గాయకుడి గొంతు లేకుండా కూడా నిలబడేది ఏదో దానికి సాంగ్ అని, వినగానే పక్కకు తిరగనివ్వని రికార్డింగు ఏదో దానికి సింగిల్ అని వేరువేరుగా రాసుకుంటాను. నా లెక్కా తప్పుతుంది. తప్పిన ఏడాది గెలిచిన పాటను మళ్లీ తీసి, ఆ రచయితలు ఏ మాట ఎక్కడ పెట్టారో, నేను వినకుండా వదిలేసింది ఏ చరణమో చూస్తాను.