చిలుము చూసి లక్షలు లెక్కపెట్టుకోకండి

"మీ దగ్గర పచ్చగా చిలుము పట్టిన పాత నాణెం ఉందా? మీరు లక్షాధికారే!" అనే మెసేజ్ మళ్లీ చక్కర్లు కొడుతోంది. చిలుము ఎంత మందంగా ఉంటే నాణెం అంత పాతదట. పాతదైతే చాలు, ధర పలుకుతుందట. రాత్రంతా నిమ్మరసంలో నానబెట్టి తోమితే విలువ ఇంకా పెరుగుతుందట. నమ్మకపోతే ఆన్‌లైన్‌లో అదే నాణేనికి పెట్టిన ధర చూసుకోమంటారు. ఈ నాలుగు మాటల్లో ఒక్కటీ నిలబడదు. మూడోదైతే చేతిలో ఉన్నదాన్ని కూడా పాడు చేస్తుంది.

చిలుముకు వయసుతో కన్నా నాణెం పడి ఉన్న చోటుతోనే ఎక్కువ పని. తడి, ఉప్పు, నేలలోని ఆమ్లం తగిలితే నిన్నటి నాణెం కూడా ముసలిదైపోతుంది. అమెరికా సెంటునే చూడండి. 1982లో దాని లోహం మారింది. ఆ తర్వాత కొట్టినవాటిలో 97.5 శాతం జింకే, రాగి పైన పల్చటి పూత మాత్రమే. ఆ పూత గీసుకుపోయి తేమ చేరితే లోపలి జింకు పొక్కి గుంటలు పడుతుంది. చూసినవాళ్లు అదేదో వందేళ్ల నాటిదనుకుంటారు.

ఇక 'పాతదైతే చాలు' అన్న మాట. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 రోమన్ నాణేలు దొరికాయి. దాదాపు అన్నీ మూడో శతాబ్దం నాటివి. ఆ నిధి మొత్తానికి కట్టిన విలువ 3,20,250 పౌండ్లు. భాగించి చూస్తే ఒక్కో నాణేనికి ఆరు పౌండ్ల పైచిలుకు. అందులో అరుదైన వెండి నాణేలు ఉండి కూడా సగటు అంతే! పదిహేడు వందల ఏళ్ల వయసుకే అంత తక్కువ పలికిందంటే, ధరను తేల్చేది ఎన్ని మిగిలాయి, ఎందరికి కావాలి, ఏ స్థితిలో ఉన్నాయి అన్నవే.

తోమడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెలిసిన ఒకాయన ఆ మెసేజ్ చదివి, రాగి నాణేన్ని రాత్రంతా నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, మర్నాడు నా దగ్గరికి తెచ్చారు. భూతద్దం కింద పెట్టాను. గోధుమరంగు పూత పూర్తిగా పోయి, పచ్చిపుండులా గులాబీరంగు తేలింది. బొమ్మ చెంప మీద సూదితో పొడిచినట్టు గుంటలు. ముందురోజు తీసిన ఫొటోలో సంవత్సరం చివరి అంకె మసకగానైనా కనిపిస్తోంది, ఇప్పుడు అదీ లేదు. ఆయన ముఖం చూస్తే నాకు బాధేసింది.

జరిగింది ఇదీ: నాణెం లోహంలోనే కొంత భాగం చిలుముగా మారుతుంది. ఆమ్లం చిలుమును కరిగించినప్పుడు ఆ భాగం కూడా పోతుంది. ఇక బ్రష్ మిగిలిన గీతలను చెరిపేస్తుంది. నాణేల స్థితిని బట్టి 1 నుంచి 70 దాకా గ్రేడు ఇచ్చే సంస్థలు, ఇలా తోమినవాటికీ తుప్పు తిన్నవాటికీ మామూలుగా అంకె ఇవ్వవు, లోపం పేరు రాసి వదిలేస్తాయి. అరుగుదలను సేకరించేవాళ్లు క్షమిస్తారు, తోమడాన్ని క్షమించరు.

గట్టిగా, నున్నగా అంటుకున్న ఆకుపచ్చ పొరతో తొందరేమీ లేదు, అది లోపలి లోహానికి కాపలా. గోటితో తాకితే రాలే లేత ఆకుపచ్చ పొడి కనిపిస్తే మాత్రం జాగ్రత్తపడాలి. ఉప్పు నుంచి లోపల చేరిన క్లోరైడు తేమతో కలిసి రాగిని తింటూనే ఉందని అర్థం. అలాంటి నాణేన్ని ముందు పొడిగా ఉంచండి. వైద్యం నిపుణులకు వదిలేయండి.

ఆన్‌లైన్‌లో పెట్టిన ధర అమ్మేవాడి ఆశ, అంతే. అమ్ముడుపోయిన ధరలు విడిగా చూడాలి, అదీ అదే సంవత్సరం, అదే టంకశాల గుర్తు (నాణెం ఎక్కడ కొట్టారో చెప్పేది), అదే స్థితి ఉన్నవాటివి. లక్షలు పలికే 1943 నాటి అమెరికా రాగి సెంటు కథ నిజమే. ఆ ఏడాది యుద్ధం వల్ల రాగికి బదులు జింకు పూసిన ఉక్కుతో వంద కోట్లకు పైగా సెంట్లు కొట్టారు. పొరపాటున రాగి బిళ్లల మీద పడ్డవి అతి కొద్ది. కానీ ఉక్కు సెంటుకు రాగి పూత పూసి మోసం చేసేవాళ్లూ ఉన్నారు. అయస్కాంతానికి అంటుకుంటే అది ఉక్కే.

నిజంగా అరుదైన నాణెమైతే తుప్పు పట్టినా అడిగేవాళ్లు ఉంటారు, కాదనను. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ముద్రించిన లింకన్ సెంట్లలో, వెనకవైపు శిల్పి పొడి అక్షరాలున్నవి 4,84,000 మాత్రమే. అవి పాడైనా ఖరీదే. అందుకే ముందు సంవత్సరం, టంకశాల గుర్తు చూడండి. ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే చెరిగిన అంకెలు కూడా నీడలుగా తేలతాయి. ఆ రకానికి ఉండాల్సిన బరువు ఉందో లేదో తూకం వేయండి. ఇంత చేశాక అది కోట్లలో కొట్టిన మామూలు రకమని తేలితే, తుప్పు తిన్న ఆ నాణేనికి సేకరించేవాళ్ల దగ్గర ధర దాదాపు ఉండదు.

ఆ మెసేజ్ చివర ఒక ఫోన్ నంబరు, 'రిజిస్ట్రేషన్ ఫీజు' అనే మాట కూడా ఉంటాయి. కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు. ఆ నంబరుకు ఫోన్ చేయకండి.