స్విచ్ వేస్తే వెలగడానికి అదేమన్నా ట్యూబ్‌లైటా?

"చైనా కృత్రిమ సూర్యుడు" ఫార్వర్డ్ మళ్లీ తిరుగుతోంది. ఈసారి మా మేనమామ పంపారు. గంట తిరక్కుండానే ఆఫీసు గ్రూపులోనూ ప్రత్యక్షం. ఈ కృత్రిమ సూర్యుడంటే టోకమాక్ అనే యంత్రం. సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించాలని, ప్లాస్మాను (ఎలక్ట్రాన్లు విడిపోయిన వేడి గ్యాస్‌ను) అందులో అయస్కాంతాలతో బంధిస్తారు. అందులోని ఆణిముత్యాలు ఇవి: ఆ యంత్రం పేలితే నగరం బూడిదే, మన దేశంలో అలాంటిది ఒక్కటీ లేదు, గ్యాస్ నింపి స్విచ్ వేస్తే ప్లాస్మా ట్యూబ్‌లైట్‌లా వెలుగుతుంది, దానికి ఏళ్ల తరబడి కంప్యూటర్ మోడళ్లు ప్రజాధనం వృథా, లోపల ఏం జరుగుతుందో శాస్త్రవేత్తలకే తెలియదు.

పేలుడా? ఏ క్షణంలో చూసినా లోపల ఉండే ఇంధనం గ్రాముల్లోనే. గోడకు తగిలితే ప్లాస్మా చల్లారుతుంది. యంత్రానికి దెబ్బ, ఊరికి కాదు. మన దగ్గర లేదా? గాంధీనగర్‌లో ఆదిత్య అనే టోకమాక్ 1989 నుంచీ ఉంది, ఎస్‌ఎస్‌టీ-1 అనే మరోదాంట్లో 2013లో ప్లాస్మా వచ్చింది. ఇక ముందుకు పోదాం.

ఒళ్లు మండేది ట్యూబ్‌లైట్ దగ్గరే. బాగా చదువుకున్నవాళ్లు కూడా "నిజమే కదా" అంటున్నారు. ట్యూబ్‌లైట్‌కి రెండు కొసల్లో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. చుట్టు తిరిగి మొదటికే వచ్చే టోకమాక్ గొట్టానికి కొస ఎక్కడుందని? మధ్యలోని సొలినాయిడ్ అనే పెద్ద తీగచుట్టలో కరెంటు మారుస్తూ, దాని చుట్టూ వోల్టేజీ పుట్టించాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ అనే టోకమాక్‌లో సూపర్‌కండక్టింగ్ కాయిళ్లు, మందపాటి గోడల వల్ల అది మీటరుకు 0.3 వోల్టులకే పరిమితం. చుట్టంతా కలిపినా దాదాపు 12 వోల్టులు, అంటే కారు బ్యాటరీ. వెలిగించండి చూద్దాం.

అంత నీరసపు తోపుతో గ్యాస్‌ను ప్లాస్మాగా మార్చాలంటే ఎలక్ట్రాన్ గోడకు తగలకుండా సుమారు కిలోమీటరు తిరగాలి. అందుకు 5.3 టెస్లాల ప్రధాన అయస్కాంత క్షేత్రం ఉన్నచోట, దారి తప్పించే అడ్డక్షేత్రం ఒకటి రెండు మిల్లీటెస్లాలు దాటకూడదు. కానీ సొలినాయిడ్ కరెంటు మారగానే ఉక్కు గోడల్లోనూ కరెంట్లు పుట్టి ఆ లెక్కను చెడగొడతాయి. వాటిని రద్దు చేయడానికి ఏ కాయిల్‌కి ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి. దక్షిణ కొరియాలోని కేస్టార్ టోకమాక్‌లో అయితే కాయిళ్ల తొడుగుకు వాడిన ఇంకోలాయ్ 908 లోహానికే అయస్కాంత గుణం ఉంది. దాన్నీ మోడల్‌లో కలపాల్సి వచ్చింది. స్విచ్ వేసేవాడికి ఇవన్నీ ఎవరు చెప్తారు, వాట్సాపా?

"గ్యాస్ నింపి" అన్నమాట ఇంకో జోకు. లోపల ఉంచేది మామూలు గాలి పీడనంలో పది కోట్లో వంతు. కాస్త ఎక్కువైతే ప్లాస్మా వేడెక్కదు. తక్కువైతే ఎలక్ట్రాన్లు అదుపు తప్పి పరుగెత్తి గోడను కాలుస్తాయి. వోల్టేజీ చాలదు కాబట్టే ఈటర్‌కి 170 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌ల సాయం పెట్టుకున్నారు. ఎస్‌ఎస్‌టీ-1లోనూ 42 గిగాహెర్ట్జ్‌తో అదే పని చేశారు.

వెలిగినా గండం గడవదు. గోడ నుంచి ఊడే మలినాలు శక్తిని వెలుతురుగా బయటికి పారేస్తాయి. ఆ అడ్డు దాటకపోతే పుట్టిన ప్లాస్మా పుట్టినట్టే పోతుంది. ఇంగ్లండ్‌లోని జెట్ టోకమాక్‌లో 2011లో కార్బన్ గోడ తీసేసి బెరీలియం, టంగ్‌స్టన్ పెట్టాక ఈ బెడద బాగా తగ్గింది. గోడ మారితే ప్లాస్మా మొదలయ్యే తీరు ఎలా మారుతుందో డయాన్ అనే కంప్యూటర్ కోడ్ జెట్ కొలతలతో పోల్చి చూపించింది. సరే, అదీ వృథానే అనుకుందాం. వేల కోట్ల యంత్రంలో గుడ్డిగా స్విచ్‌లు నొక్కుకుంటూ పోవడమే పొదుపన్నమాట!

ఇక ఆఖరి ఆణిముత్యం. శాస్త్రవేత్తలకు పూర్తిగా తెలియదన్నది మాత్రం నిజమే. గ్యాస్ ప్లాస్మాగా మారే తొలి క్షణాలకు ఒక ఎలక్ట్రాన్ అణువుల్ని గుద్ది మరిన్ని ఎలక్ట్రాన్లను విడిపిస్తూ పోతుందనే వందేళ్ల నాటి టౌన్‌సెండ్ సిద్ధాంతమే చాలనుకుంటూ వచ్చారు. అది చాలదని, పోగుపడే విద్యుదావేశమే సొంత విద్యుత్ క్షేత్రాన్ని పుట్టించి ఆ ప్రక్రియను నెమ్మది చేస్తుందని 2018లో కొరియా పరిశోధకులు చూపించారు. ఎలాగంటారా? కణాల కదలికను కంప్యూటర్‌లో సిమ్యులేట్ చేసి, దాన్ని కేస్టార్ ప్రయోగాలతో పోల్చి.