బెయిల్ వచ్చింది, పూచీకత్తు రాలేదు

‘రూ.10 వేల చొప్పున ఇద్దరి పూచీకత్తుతో బెయిల్ మంజూరు.’ ఇలాంటి వాక్యాన్ని వార్తల చివర చాలాసార్లు చదివే ఉంటాం. బెయిల్ వచ్చిందా, రాలేదా అన్నదే మనకు వార్త గనక దాన్ని దాటుకుని వెళ్లిపోతాం. జైల్లో ఉన్న పేదవాడి బతుకు మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోతుంది. తన కోసం కోర్టు మెట్లెక్కే మనుషులు ఇద్దరు ఉండాలి. వాళ్ల పేరు మీద ఇల్లో, పొలమో, సర్కారీ ఉద్యోగమో ఉండాలి. లేకపోతే బెయిల్ ఉత్తర్వు ఫైల్లో, మనిషి బ్యారక్‌లో.

రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, న్యాయమూర్తుల ముందే ఈ పేద ఖైదీల గురించి మాట్లాడారు. కొద్ది రోజులకే సుప్రీంకోర్టు, బెయిల్ వచ్చినా విడుదల కాని వాళ్ల వివరాలు పంపమని జైళ్లను ఆదేశించింది. అలాంటివాళ్లు దాదాపు 5,000 మంది ఉన్నారని, వాళ్లలో 1,417 మంది అప్పటికి విడుదలయ్యారని పేదలకు ఉచిత న్యాయ సాయం అందించే జాతీయ న్యాయ సేవాధికార సంస్థ కోర్టుకు చెప్పింది. వీళ్లను విడుదల చేయవచ్చని న్యాయమూర్తి స్వయంగా సంతకం పెట్టాక కూడా లోపలే ఉండిపోయినవాళ్లు వీళ్లు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. నూటికి 76 మందిపై నేరం ఇంకా రుజువు కాలేదు.

ఇది నిన్నమొన్నటి సమస్య కాదు. మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరామ్ ఒక తాపీమేస్త్రీ. సుప్రీంకోర్టే బెయిల్ ఇచ్చింది. కింది మేజిస్ట్రేట్ రూ.10,000 పూచీకత్తు అడిగాడు. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని అతడి జామీను చెల్లదన్నాడు. మోతీరామ్ మళ్లీ సుప్రీంకోర్టుకే రావాల్సి వచ్చింది. 1978 ఆగస్టులో జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ అతణ్ని జామీనుదారు లేకుండా, రూ.1,000 సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. ఆ తీర్పులో ఆయన వేసిన ఒక ప్రశ్నలో మనమూ ఉన్నాం. ఒక తెలుగువాణ్నో, మలయాళీనో బస్తర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో చిన్న నేరారోపణ మీద పట్టుకుంటే, అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుణ్ని అతడు ఎక్కణ్నుంచి తెస్తాడని అడిగారు. పాలమూరు, శ్రీకాకుళం జిల్లాల నుంచి వలసపోయే కూలీలు తెలిసిన మనకు ఆ ప్రశ్న విడమర్చి చెప్పనక్కర్లేదు. అదే ప్రశ్న ఇప్పుడు మనవైపూ తిరిగింది. మన ఇటుక బట్టీల్లో పనిచేసే ఒడియా కూలీకి, హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కట్టే బిహారీ కూలీకి ఇక్కడి ఇంటి పన్ను రసీదు ఉన్న చుట్టం ఎవరు?

సొంత ఊళ్లో ఉన్నంత మాత్రాన తేలికేమీ కాదు. కౌలురైతు ఏళ్ల తరబడి దున్నే పొలానికి పట్టాదారు పాస్‌పుస్తకం ఇంకొకరి పేరు మీద ఉంటుంది. భూమి, ఇల్లు తమ పేరున ఉన్న ఆడవాళ్లు ఇప్పటికీ తక్కువే. కొడుకు కోసం తల్లి కోర్టుకు వస్తుంది, కానీ ఆమె సంతకానికి విలువ కట్టే కాగితం ఉండదు. కాగితం ఉన్న చుట్టానికేమో భయం. ముద్దాయి వాయిదాకు రాకపోతే ఆ సొమ్ము తాను కట్టాలి, కోర్టు చుట్టూ తాను తిరగాలి. ఈ భయం మీదే కిరాయి జామీనుదారుల వ్యాపారం బతుకుతోంది. ముద్దాయి ముఖం కూడా చూడని మనిషి డబ్బు పుచ్చుకుని సంతకం పెడతాడు. అతడికి ముద్దాయి మీద ఏ అదుపూ లేదు. పూచీకత్తు అడిగేది ముద్దాయి పారిపోకుండా ఉండటానికే అయితే, ఈ సంతకంతో ఆ పని జరగదు. జరిగేది డబ్బున్నవాడు బయటికి రావడం, లేనివాడు లోపల ఉండటం.

దీనికంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. చిన్న దొంగతనం కేసులో నెలల తరబడి లోపలున్నవాడు, విచారణ ఎప్పుడు మొదలవుతుందో తెలియక, నేరం ఒప్పేసుకుంటాడు. అనుభవించిన రోజుల్నే శిక్షగా లెక్కగట్టి పంపిస్తారు. చేసినా, చేయకపోయినా జీవితాంతం అతడు పాత నేరస్తుడే. జామీనుదారు దొరికి ఉంటే ఆ కేసు కొట్టేసేవారేమో.

చట్టం కూడా ఇలా ఉండమనలేదు. బెయిల్ ఇచ్చి తీరాల్సిన (బెయిలబుల్) నేరాల్లో వారం రోజుల్లో పూచీకత్తు తేలేనివాణ్ని నిరుపేదగా భావించి, సొంత బాండు మీదే వదలాలని 2005 నాటి చట్ట సవరణలోనే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన నేర విచారణ ప్రక్రియ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 478వ సెక్షన్‌లోనూ అదే మాట. 484వ సెక్షన్ ప్రకారం బాండు మొత్తం మితిమీరకూడదు. కొత్త చట్టం ఇంకో మేలు కూడా చేసింది. జామీనుదారు ఉంటే ‘బెయిల్ బాండు’ అని, లేకుండా ముద్దాయి సొంతంగా రాసిచ్చేది ‘బాండు’ అని నిర్వచనాల్లోనే విడదీసింది. ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపలే గడిపితే ‘బాండు’ మీద విడుదల చేయాలని 479వ సెక్షన్ అంటోంది. మరణశిక్షకో, యావజ్జీవానికో అవకాశమున్న నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్లకు ఇది వర్తించదు. వర్తించేవాళ్లను మాత్రం జామీనుదారు కోసం ఆపడానికి చట్టంలో నాకు ఆధారం కనబడదు.

సుప్రీంకోర్టు 2023 జనవరి 31న ఇచ్చిన ఆదేశాలు మరింత స్పష్టంగా ఉన్నాయి. బెయిల్ ఉత్తర్వు అదే రోజు గానీ మర్నాడు గానీ ఈమెయిల్‌లో జైలుకు చేరాలి. ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. నెల దాటితే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే చూడవచ్చు. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టవద్దు. 2024 ఆగస్టులో, 13 కేసులున్న ఒక నిందితుడు ప్రతి కేసుకూ వేర్వేరు జామీనుదారులను తేలేనని మొరపెట్టుకుంటే, మితిమీరిన బెయిల్ షరతు బెయిల్ ఇవ్వకపోవడంతో సమానమని జస్టిస్ గవాయ్, జస్టిస్ విశ్వనాథన్‌ల ధర్మాసనం తేల్చింది. కేంద్రం కూడా 2023లో పేద విచారణ ఖైదీల కోసం రూ.40,000 వరకు చెల్లించే పథకం పెట్టింది. డబ్బు సాయం మంచిదే. కానీ జామీనుదారు అనే మనిషిని ఏ పథకమూ తెచ్చిపెట్టలేదు.

వదిలేస్తే పారిపోతారు కదా అంటారు. కొందరు పారిపోతారు, అది నిజమే. ఎవరు పారిపోతారో తెలుసుకునే దారిని 1979లో బిహార్ ఖైదీల కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ భగవతి చూపించారు. ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నాడు, పనేమిటి, కుటుంబం ఎక్కడ, ఇంతకుముందు వాయిదాలు ఎగ్గొట్టాడా? రిమాండుకు తెచ్చిన రోజే మేజిస్ట్రేట్ ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు రికార్డులో రాయిస్తే చాలు. అవి చూశాక కూడా జామీనుదారు కావాలనుకుంటే, ఎందుకో ఉత్తర్వులో కారణం రాయాలి. ఇప్పుడు ఏ కారణమూ లేకుండానే ‘ఇద్దరు ష్యూరిటీలు’ అని పడిపోతోంది. బెయిల్ వచ్చి ఏడు రోజులు దాటినా విడుదల కానివాళ్ల జాబితాను రెండు తెలుగు రాష్ట్రాల న్యాయ సేవాధికార సంస్థలూ పేర్లు లేకుండా, జైలువారీగా ప్రతి నెలా బయటపెట్టాలి.