రోగికి ఒళ్లు తుడిచేది ఎవరు?

నర్సింగ్ విద్యార్థులకు మొదటి ఏడాది నేర్పేవి పైకి చాలా మామూలు పనుల్లా కనిపిస్తాయి. పక్క సర్దడం, నోరు శుభ్రం చేయడం, తడిబట్టతో ఒళ్లు తుడవడం, మంచం మీదే అటూ ఇటూ తిప్పడం, అన్నం తినిపించడం. బొమ్మ మీద వీటిని శ్రద్ధగా సాధన చేసిన విద్యార్థిని వార్డులోకి వచ్చాక వేరే పాఠం నేర్చుకుంటుంది. ఇవన్నీ రోగి వెంట వచ్చిన భార్యో కూతురో చూసుకుంటారు, సిస్టర్ పని ఇంజెక్షన్లు, సెలైన్లు, రిజిస్టర్లు. గోదావరి డెల్టాలో ఈ పంపకం ఎవరికీ వింతగా అనిపించదు. నర్సింగ్ విద్యకు జరుగుతున్న అతి పెద్ద నష్టం ఇదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే ఒళ్లు తుడిచే ఆ కాసేపట్లోనే నర్సు రోగిని పూర్తిగా చూడగలుగుతుంది. నడుము కింది ఎముక మీద, తుంటి పక్కన, మడమల మీద చర్మం కందిందా? వేలితో నొక్కినప్పుడు ఆ ఎరుపు తెల్లబడకపోతే, కదలకుండా పడుకున్న ఒత్తిడికి పుండు మొదలవుతున్నట్టే. అయితే పుస్తకంలో రాసిన ఎరుపు మన చామనచాయ, నల్లని ఒళ్ల మీద స్పష్టంగా తెలియదు. చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిపడిందా, ముట్టుకుంటే నొప్పి అంటున్నారా అన్నది చేత్తోనే తెలుసుకోవాలి. కందిన చోట పౌడరో స్పిరిటో వేసి రుద్దే పాత అలవాటు ఇంకా పోలేదు. రుద్దితే లోపలి కండ మరింత దెబ్బతింటుంది. మే నెల ఉక్కపోతలో ప్లాస్టిక్ షీటు మీద చెమటకు నానిన చర్మం ఇంకా సులువుగా చిట్లుతుంది. సాధారణంగా రెండు గంటలకోసారి తిప్పాలనడం అందుకే.

తినిపించడమూ అంతే. పక్షవాతం వచ్చిన మనిషికి రెండో ముద్దకే దగ్గు వచ్చినా, గొంతులో నీళ్లున్నట్టు మాట మారినా, తిండి ఊపిరి గొట్టంలోకి పోతోందేమోనని వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి. పడుకోబెట్టి ప్రేమగా జావ పోసే కూతురికి ఆ సంగతి ఎవరు చెప్పారు?

ఇక శ్వాస లెక్క. పెద్దవాళ్లకు నిమిషానికి 12 నుంచి 20 వరకు ఉండాలి. నాడి చూశాక మణికట్టు వదలకుండానే, రోగికి తెలియకుండా ఛాతీ కదలికను నిండు నిమిషం లెక్కపెట్టమని నేర్పుతారు. తెలిస్తే ఊపిరి తీరు మారిపోతుంది. కానీ చార్టుల్లో మంచం తర్వాత మంచానికి 20, 20, 20 అని రాసి ఉంటుంది. ఒంట్లో పరిస్థితి దిగజారేటప్పుడు తరచుగా ముందు మారేది ఈ అంకే. దాన్ని ఊహించి రాయడాన్ని చిన్న తప్పుగా నేను చూడలేను.

నర్సులు తక్కువన్నది నిజం. బోధనాసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒకరు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు ఉండాలని నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. రాత్రి డ్యూటీలో వార్డంతా ఒంటరిగా చూసే సిస్టర్‌ను ఒళ్లు తుడవలేదని నిందించడం అన్యాయం. ఇంటివాళ్ల సాయం తప్పదు. కాకపోతే వాళ్లకు నేర్పడం, పక్కనుండి చూడడం నర్సు పనే.

మన దగ్గర ఇది మరీ అవసరం. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటారు. ముసలి దంపతుల్లో ఒకరు మంచాన పడితే రెండోవారే నర్సు. వరదకు కాజ్‌వే మునిగితే లంక గ్రామాల నుంచి ఆసుపత్రికి రావడానికి పడవే దిక్కు. పుండు పెద్దదయ్యాక చూపించుకుందామంటే కుదిరే ఊళ్లు కావివి.

బొమ్మకు ఒళ్లు తుడిచినందుకు ప్రాక్టికల్ పరీక్షలో ఇచ్చే మార్కుల్లో సగం ఇటు మళ్లించాలి. విద్యార్థిని తాను పక్కన నిలబడి రోగి భార్య చేతే ఆయనను తిప్పించాలి, చర్మం తడిమించాలి, యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకు దిగువనే ఎందుకు వేలాడాలో చెప్పి, ఆమె నోట తిరిగి వినాలి. పరీక్షకులు ఆ భార్య ఎంత నేర్చుకుందో చూసి విద్యార్థినికి మార్కులు వేయాలి.