గాలికి కిరాయి వసూలు చేసే వాల్యూమెట్రిక్ బరువు గారికి

పెట్టె అసలు తూకం కాక, అది ఆక్రమించే చోటును బట్టి కొరియర్ సంస్థలు లెక్కగట్టే బరువైన మహారాజశ్రీ వాల్యూమెట్రిక్ బరువు గారి సముఖానికి, రాజమహేంద్రవరంలో పేము దీపాలు, బుట్టలు, ఉయ్యాలలు అల్లించి ఆన్‌లైన్‌లో అమ్ముకొనే ఒక చిన్న వ్యాపారి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఉభయులలో కుశలంగా ఉన్నది తమరొక్కరేనన్న సంగతి నిన్న మధ్యాహ్నం మరోసారి రుజువైంది. నా కొరియర్ వాలెట్‌లోంచి 188 రూపాయల 80 పైసలు కోసుకున్నట్లు, అందుకు కారణం "బరువులో తేడా" అయినట్లు తమ తరఫున సందేశం వచ్చింది. సరుకు బయలుదేరకముందే నేను కట్టిన కిరాయికి ఇది అదనం. ఆ 80 పైసలను సైతం వదలని తమ నిక్కచ్చితనానికి ముందుగా నా అభినందనలు.

ఆ పెట్టెలో ఉన్నది పైకప్పుకు వేలాడదీసే ఒక పేము దీపం. దాని బరువు 1 కిలో 800 గ్రాములు; అట్టపెట్టె, బబుల్ రేపర్, టేపు అన్నీ కలిపినా త్రాసు మీద మూడున్నర కిలోలు దాటదు. అయితే అది గుండ్రంగా, బోలుగా, రెండు చేతులా కావలించుకోవలసినంత పెద్దదిగా ఉంటుంది కనుక పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 60 సెంటీమీటర్లున్న పెట్టెలో పెట్టక తప్పదు. తమరు ఆ మూడు కొలతలనూ హెచ్చవేసి, 5000తో భాగించి, నా దీపం 43.2 కిలోలని తేల్చారు. అరకిలో లెక్కన పైకి సవరించే ఆచారం కొద్దీ అది 43.5 అయింది. కిలోకు 32 రూపాయల చొప్పున 1,392 రూపాయలు, దాని మీద కొరియర్ సేవలకు పడే 18 శాతం జీఎస్టీ, వెరసి 1,642 రూపాయల పైచిలుకు. దీపం అమ్మకం ధర 2,200 రూపాయలు. దాన్ని అల్లిన మనిషికి దక్కేది తమరికి దక్కేదానిలో సగం కూడా ఉండదు.

గాలికి కిరాయి కట్టడమే ధర్మమైతే, ఆ గాలిని గాలి బరువుకే తూచమని నా మొదటి మనవి. ఘనమీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. నా పెట్టె ఘనపరిమాణం 0.216 ఘనమీటర్లు. అంటే దీపాన్ని బయటపెట్టి పెట్టె నిండా గాలినే నింపి పంపినా అది 260 గ్రాములకు మించదు. ఆ పావుకిలో గాలిని తమరు నలభై కిలోలుగా చూడగలుగుతున్నారు. 5000 అనే అంకెకు అసలు అర్థం ఏమిటంటే, ఘనమీటరుకు 200 కిలోల కన్నా తక్కువ తూగే ప్రతి సరుకూ 200 కిలోలు తూగినట్టే భావించడం. అదే లెక్కన నా దీపం పెట్టె ఘనమీటరుకు 16 కిలోలు. ఇంత తేలికైనదాన్ని ఇంత జాగ్రత్తగా అల్లించినందుకే ఈ జరిమానా అనుకోవాలి కాబోలు.

తమ పుట్టుక వెనక న్యాయం లేదని నేను అనడం లేదు. విమానం పొట్టలో బరువుకూ హద్దుంటుంది, చోటుకూ హద్దుంటుంది. దూదిబస్తాలతో నిండిపోయిన విమానం ఇంకో టన్ను మోయగలిగినా ఇంకో బస్తా పట్టదు. అందుకే విమాన సరుకు రవాణాలో 6000 ఘనసెంటీమీటర్లను ఒక కిలోగా లెక్కగట్టే పద్ధతి స్థిరపడింది. తరువాత తమరు విమానం దిగి రోడ్డెక్కారు. అమెరికాలో ఫెడెక్స్, యూపీఎస్ సంస్థలు 2014 దాకా మూడు ఘనపుటడుగుల లోపు నేలమార్గపు పార్సెళ్లను తమ కంట పడనిచ్చేవి కావు; 2015 మొదలుకొని వాటినీ తమకే అప్పగించాయి. 2017లో ఫెడెక్స్ తన భాజకాన్ని 166 నుంచి 139కి దించింది. అంగుళాలు, పౌండ్లలోని ఆ అంకెలను మన కొలతల్లోకి మారిస్తే 6000 పోయి 5000 వచ్చినట్టే. కిలో ధరల పట్టికలో ఒక్క అంకెనూ ముట్టుకోకుండా, భాజకాన్ని మాత్రం కాస్త తగ్గిస్తే, తేలికపాటి సరుకు మీద కిరాయి ఐదో వంతు పెరుగుతుంది. ధరలు పెంచారని ఎవరూ అనలేరు. ఇంత మర్యాదగల పెంపును నేను మరెక్కడా చూడలేదు.

ఇక నా కడుపులో మండుతున్న అసలు సంగతికి వస్తాను.

నా దీపం ఎక్కిన లారీలోనే బోల్టులు, నట్లు అమ్ముకొనే ఒక వ్యాపారి పెట్టెలు కూడా ఎక్కుతాయి. చెప్పుల పెట్టెంత ఉండే ఆ పెట్టె పాతిక కిలోలు తూగుతుంది. దానికి తమ సూత్రం వర్తించదు. అసలు బరువు, తమ బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే కిరాయి అన్నది నియమం కనుక ఆయన ఇనుము బరువుకే కడతాడు. నేను నా చోటుకు కడతాను. విడివిడిగా చూస్తే రెండూ న్యాయంగానే కనిపిస్తాయి. కానీ లారీ ఒక్కటే కదా! అడుగున ఆయన ఇనుము పరిచి, పైన నా దీపాలు పేరిస్తే లారీ బరువూ నిండుతుంది, చోటూ నిండుతుంది. ఆయన లారీ మోయగలిగిన బరువంతటికీ డబ్బు కట్టాడు, కానీ చోటు దాదాపు వాడుకోలేదు. నేను లారీలోని చోటంతటికీ డబ్బు కట్టాను, కానీ బరువు దాదాపు మోపలేదు. ఒకే లారీని తమరు బరువు కింద ఆయనకూ, చోటు కింద నాకూ, రెండుసార్లు పూర్తి ధరకు అమ్మారు. ఆయన వదిలేసిన చోటు నాకు ఉచితంగా రావద్దు, నేను వదిలేసిన బరువు ఆయనకు ఉచితంగా పోవద్దు. కానీ ఆ మిగులులో పావలా వంతయినా మా ఇద్దరిలో ఎవరికో ఒకరికి రావాలి కదా? సరుకులు కలిపి లాభం తీయడం రవాణా వ్యాపారంలో పాత విద్యేనని నాకు తెలుసు. పెద్ద పెద్ద ఎగుమతిదారులు బేరమాడి ఆ లాభంలో వాటా పుచ్చుకుంటారని కూడా తెలుసు. వారానికి పది పెట్టెలు పంపే నాబోటి వాళ్లతో బేరమాడటానికి మీ దగ్గర మనిషే ఉండడు, ఒక పట్టిక ఉంటుంది.

ఇప్పుడు ఆ 188 రూపాయల 80 పైసల కథ వినండి. మా దగ్గర 60, 60, 60 ఉన్న పెట్టె సరుకులు వేరుచేసే మీ హబ్‌లోని కొలత యంత్రం కిందికి వెళ్లేసరికి 64, 64, 59 అయింది. లెక్క కట్టి 48.33 కిలోలన్నారు, సవరించి 48.5 అన్నారు, ఐదు కిలోలకు 160 రూపాయలు, దాని మీద జీఎస్టీ వేసి కోసుకున్నారు. ఆ మూడో అంకెను మీలో ఎవరైనా చూశారా? ఎత్తు ఒక సెంటీమీటరు తగ్గింది. వెడల్పు, పొడవు నాలుగేసి పెరిగాయి. పెట్టె దానంతటది పొట్టిగా, లావుగా అవదు. దాని నెత్తిన ఎవరిదో బరువైన పెట్టె పెట్టి అణిస్తేనే అవుతుంది. అంటే ఆ ఇనుమునో, దానివంటి మరోదాన్నో నా దీపం మీద ఎక్కించి, అది ఉబ్బిపోతే, ఆ ఉబ్బుకు నా దగ్గరే కిరాయి తీసుకున్నారన్నమాట. "పైన బరువు పెట్టరాదు" అని నాలుగు పక్కలా ఎర్ర అక్షరాలతో అంటించిన కాగితాన్ని కూడా ఆ యంత్రం ఫోటోలో చక్కగా తీసింది.

దీని మీద అభ్యంతరం చెప్పుకోవడానికి నిన్నటి మధ్యాహ్నమంతా ధారపోశాను. పెట్టె ఎప్పుడో నా చేయి దాటిపోయింది, అయినా మూడు వైపులా టేపు పట్టి, అంకెలు కనిపించేలా, పైన లేబుల్ కూడా కనిపించేలా ఫోటోలు పెట్టమన్నారు. మీ బుద్ధి తెలిసినదాన్ని కనుక ప్రతి పెట్టెకూ ముందే తీసి దాచుకుంటాను, అవే పెట్టాను. ఎత్తు తగ్గిన సంగతిని ఒక్కొక్క అంకె చూపించి వివరించాను. సాయంత్రానికి సమాధానం వచ్చింది: కొలతలు సరైనవని నిర్ధారణ అయినందున ఫిర్యాదు మూసివేయబడినది. నా ఫోటోలలోని కొలతల గురించి అందులో ఒక్క ముక్క లేదు. టేపు పట్టిన ఆడమనిషి మాట కన్నా, ఉబ్బిన అట్టముక్కను కొలిచిన యంత్రపు కన్ను మాటే చెల్లింది.

ఇతర విషయాలతో మిమ్మల్ని విసిగించను. డీజిల్ ధర పెరిగినప్పుడు పెరిగి, తగ్గినప్పుడు తగ్గడం మరిచిపోయే ఇంధన సర్‌ఛార్జీకి నా నమస్కారాలు తెలియజేయండి. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, తలుపు దగ్గర "వద్దండి, మనసు మారింది" అనే మహానుభావుల పుణ్యమా అని నా గాలి రానూ పోనూ రెండు టిక్కెట్లు కొనుక్కుంటుంది. "ఉచిత డెలివరీ" అన్న పదం కనిపెట్టినవారిని కనుక్కొని ఒక పేము ఉయ్యాలను సొంత ఖర్చుతో గౌహతికి పంపమని అడగాలని ఉంది. ఆ పేము మాకు వచ్చేది అస్సాం నుంచే. అక్కడి నుంచి కట్టలుగా కట్టి వచ్చేటప్పుడు దానికి దాని బరువుకే కిరాయి. ఇక్కడ ఒక పనివాడు దాన్ని నానబెట్టి, వంచి, అల్లి, చుట్టూ ఒక బోలును నిర్మించాక అదే పేము వెనక్కి వెళ్లాలంటే దానికి పదింతలు. పనితనం ఎంత ఎక్కువైతే బోలు అంత అందంగా వస్తుంది, కిరాయి కూడా అంతే అందంగా వస్తుంది. బొబ్బిలి వీణ సంగతీ ఇంతే. పనస దుంగను తొలిచి బోలు చేస్తేనే నాదం, ఆ బోలుకే మీ పన్ను.

మీ వల్ల కొంత నేర్చుకోలేదంటే అబద్ధమవుతుంది. బుట్టలను ఒకే కొలతలో అల్లించడం మాని, ఒకదానిలో ఒకటి ఇమిడే మూడు కొలతల్లో అల్లిస్తున్నాను. ఒక్క పెట్టెలో మూడు బుట్టలు వెళతాయి, కొనేవారికీ అదే నచ్చుతోంది. అయితే మా మేదరివారు గంపలో గంప దూర్చి సైకిల్ వెనక గోపురంలా కట్టుకొని సంతకు వెళ్లడం మీ సూత్రం పుట్టకముందు నుంచీ ఉన్నదే కనుక, ఈ విద్యకు గురుదక్షిణ వారికే చెల్లాలి. స్వీడన్‌లో ఐకియా సంస్థ ఉద్యోగి గిల్లిస్ లుండ్‌గ్రెన్ 1956లో కారులో పట్టని బల్లకు కాళ్లు విప్పేశాడట. ఆ విప్పిన కాళ్ల మీద నిలబడిన వ్యాపారం 2018లో హైదరాబాదు దాకా వచ్చి దుకాణం తెరిచింది. ఆ కథ విని నేనూ మా అల్లకం పెద్దాయనను దీపాన్ని రెండు అర్ధభాగాలుగా అల్లగలరేమో అడిగాను. "అలా అల్లితే అది దీపం అవదండి అమ్మాయిగారూ, రెండు చిప్పలవుతాయండి" అన్నారు. బల్లకు కాళ్లుంటాయి కనుక విప్పవచ్చు. ఒకే పోగుగా చుట్టుకుంటూ వెళ్లే అల్లికలో విప్పడానికి ఏమీ ఉండదు.

అందుకని ఈ మధ్య దగ్గరి ఊళ్లకు ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. ఎక్కువగా కొన్నవారే డిపోకు వెళ్లి తెచ్చుకోవాలి. కొందరు విసుక్కుంటారు, కొందరు మరో రెండు బుట్టలు కూడా చెప్పి తెచ్చుకుంటారు. దూరప్రాంతాలకు లారీ పార్సెల్ ఆఫీసు ఉంది. అక్కడా మీ చుట్టం ఒకరు కూర్చున్నారు: ఘనపుటడుగుకు ఆరు కిలోలని ఒకరు, పదని మరొకరు ముందే ఒప్పందంలో రాసుకుంటారు, పైన హమాలీ, బిల్టీ (సరుకు రసీదు) ఖర్చు వేరు. కానీ ఆ బల్ల వెనక ఒక గుమాస్తా ఉంటాడు. పెట్టెను ఒంటి చేత్తో ఎత్తి చూసి, నవ్వి, "ఇందులో ఏమీ లేదు కదండీ" అని, రెండడుగులు తగ్గించి రాసుకుంటాడు. నా బేరమంతా ఆ నవ్వుతోనే జరుగుతుంది.

మీ దగ్గర ఆ నవ్వు దొరకదు కనుక సూటిగా అడుగుతున్నాను. చోటుకు డబ్బు తీసుకో, కాదనను. ఇనుప వ్యాపారి దగ్గర బరువుకు తీసుకున్నావు కనుక, నా దగ్గర నా అసలు బరువుకూ నీ లెక్కకూ మధ్యలో ఒక సరాసరి తీసుకో. పెట్టెను కొలవాలనుకుంటే నా గుమ్మం దగ్గర, నేను చూస్తుండగా, సరుకు నీ చేతికి ఇచ్చే క్షణంలో కొలువు. కొలిచి అక్కడే రసీదు మీద రాసి ఇవ్వు. నా ఇంటి గుమ్మం దాటాక నువ్వు దాని మీద ఏం పెట్టావో, ఎక్కడ విసిరావో, ఏ వానలో నిలబెట్టావో, దానికి అది ఎంత ఉబ్బిందో, అది నీ ఖర్చు. ఆ 188 రూపాయల 80 పైసలు తిరిగి వాలెట్‌లో వెయ్యి.

ఇట్లు,
పేము దీపాల వ్యాపారి,
రాజమహేంద్రవరం